హెచ్‌టీఎం మోడల్ నుంచి ఒకటికి మించి అంచనాలు రాబట్టడం ఎలా?

హెచ్‌టీఎం, అంటే హైరార్కికల్ టెంపొరల్ మెమరీ, మెదడు పనితీరును అనుకరిస్తూ క్రమాలు నేర్చుకునే మోడల్. దాన్ని వాడటం మొదలుపెట్టిన వాళ్లకు త్వరగానే ఒక సందేహం వస్తుంది. ఒకే సందర్భం తర్వాత రెండు మూడు రకాలుగా జరిగే వీలున్న డేటా చేతిలో ఉంటుంది. మోడల్ మాత్రం ఒక్క సమాధానమే ఇస్తున్నట్టు కనిపిస్తుంది. మిగతావి ఏమైపోయాయి?

అవి మోడల్ లోపలే ఉన్నాయి. అందులో క్రమాలను నేర్చుకునే భాగమైన టెంపొరల్ మెమరీ ప్రతి అడుగులోనూ తనకు తెలిసిన అవకాశాలన్నిటినీ ఒకేసారి సిద్ధంగా పెట్టుకుంటుంది. దాని తర్వాత మనం తగిలించే క్లాసిఫయర్‌లో (మోడల్ లోపలి స్థితిని చదివి సమాధానంగా మార్చే భాగం) గరిష్ఠ విలువను మాత్రమే తీసుకునే ఒక్క లైను ఉంటుంది చూడండి, మిగతావాటిని పక్కన పడేసేది అదే. కాబట్టి కొత్తగా ఏ ఆప్షనూ ఆన్ చేయాల్సిన పని లేదు. కలిసిపోయి ఉన్న అంచనాలను విడదీసి చదవడం తెలియాలి. అంతకంటే ముందు, నేర్పేటప్పుడు వాటిని చెరిపేయకుండా చూసుకోవాలి. నా దృష్టిలో అసలు కష్టమంతా ఈ రెండో పనిలోనే ఉంది.

ఇక్కడి అడుగులు హెచ్‌టీఎం.కోర్ లైబ్రరీని, పైథాన్‌ను దృష్టిలో పెట్టుకుని రాశాను. న్యుమెంటా సంస్థ 2013లో ఓపెన్ సోర్స్ చేసిన నుపిక్‌కు కొనసాగింపుగా కమ్యూనిటీ నడిపే లైబ్రరీ అది. మీరు సొంతంగా రాసుకున్న కోడ్ వాడుతున్నా చేయాల్సిన పనులు ఇవే.

లోపల ఏం జరుగుతుంది

జెఫ్ హాకిన్స్, సుబుతాయ్ అహ్మద్ 2016లో ప్రచురించిన పేపర్‌లో ఒక్కో న్యూరాన్‌కు వేల సినాప్స్‌లు (ఇతర న్యూరాన్లతో కలిసే చోట్లు) ఎందుకు ఉంటాయో వివరించారు. కణదేహానికి దగ్గరగా ఉన్న డెండ్రైట్ల (న్యూరాన్ కొమ్మల) మీది సినాప్స్‌లు న్యూరాన్‌ను నేరుగా ఫైర్ చేయిస్తాయి. దూరంగా ఉన్న డెండ్రైట్ల మీది సినాప్స్‌లకు ఆ బలం లేదు. అయితే పక్కపక్కనే ఉన్న కొన్ని ఒకేసారి చురుకైతే న్యూరాన్ ఫైర్ అవడానికి సిద్ధమై కూర్చుంటుంది. ఆ సిద్ధంగా ఉండటమే హెచ్‌టీఎంలో అంచనా.

ఎన్ని న్యూరాన్లయినా ఒకేసారి సిద్ధంగా ఉండొచ్చు, ఒకదానికొకటి అడ్డు రాదు. హెచ్‌టీఎంలో న్యూరాన్‌ను సెల్ అంటారు, ఒకే ఇన్‌పుట్‌కు స్పందించే సెల్స్ గుంపును కాలమ్ అంటారు. తర్వాతి ఇన్‌పుట్ వచ్చాక, సిద్ధంగా ఉన్నవి కాస్త ముందుగా ఫైరై, అదే కాలమ్‌లోని తోటి సెల్స్‌ను ఆపేస్తాయి. సిద్ధంగా ఉన్న సెల్ ఒక్కటీ లేని కాలమ్‌కు ఇన్‌పుట్ తగిలితే అందులోని సెల్స్ అన్నీ ఫైర్ అవుతాయి. దీన్ని బరస్ట్ అంటారు. ఈ బరస్ట్‌ను గుర్తుంచుకోండి, ముందు ముందు దీనితో చాలా పని ఉంది.

సాధారణంగా వాడే సైజు 2048 కాలమ్‌లు, కాలమ్‌కు 32 సెల్స్. ఒక ఇన్‌పుట్‌కు చురుగ్గా ఉండేవి 40 కాలమ్‌లు, అంటే సుమారు 2 శాతం. ఒక్కో అంచనా ఇంత తక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టే, నాలుగైదు అంచనాలు ఒకదాని మీద ఒకటి పడినా విడిగా గుర్తుపట్టగలం.

1. ముందు చిన్న డేటా, దానికో డిక్షనరీ

మీ అసలు డేటాను కాసేపు పక్కన పెట్టండి. జవాబు ముందే తెలిసిన రెండు క్రమాలు తీసుకోండి:

క, చ, ట, ప
గ, చ, ట, మ

మధ్యలో వచ్చే చ, ట రెండింటిలోనూ ఒకటే. చివర ఏమొస్తుందో చెప్పాలంటే మొదట ఏమొచ్చిందో గుర్తుండాలి.

ప్రతి అక్షరానికీ 2048 కాలమ్‌లలోంచి ఏవో 40 ఎంచి ఒక డిక్షనరీలో దాచండి. తర్వాత అంచనాలను విడదీయడానికి ఆధారం ఇదే, కాబట్టి మధ్యలో మార్చకూడదు. మీ దగ్గర స్పేషియల్ పూలర్ (ఇన్‌పుట్‌ను చురుకైన కాలమ్‌లుగా మార్చే భాగం) ఉంటే దానికి ముందుగా నేర్పించి, నేర్చుకోవడం ఆపేసి, ఆ తర్వాతే ఒక్కో ఇన్‌పుట్‌కు వచ్చే కాలమ్‌లను దాచండి. పూలర్ ఇంకా నేర్చుకుంటూ ఉంటే నిన్నటి ట, ఇవాళ్టి ట ఒకేలా ఉండవు. మీరు టెంపొరల్ మెమరీలో తప్పు వెతుకుతూ కూర్చుంటారు, తప్పేమో పూలర్‌లో ఉంటుంది.

2. థ్రెషోల్డ్ ఒకసారి చూసుకోండి

సెల్ సిద్ధమవాలంటే దాని ఒక సెగ్మెంట్ (డెండ్రైట్ ముక్క) మీద ఎన్ని సినాప్స్‌లు చురుగ్గా ఉండాలో చెప్పేది యాక్టివేషన్ థ్రెషోల్డ్. నేర్చుకునేటప్పుడు ఒక సెగ్మెంట్‌ను లెక్కలోకి తీసుకోవడానికి కనీసం ఎన్ని కావాలో చెప్పేది మినిమమ్ థ్రెషోల్డ్. హెచ్‌టీఎం.కోర్‌లో డిఫాల్ట్‌గా మొదటిది 13, రెండోది 10. ఇవి 40 కాలమ్‌ల ఇన్‌పుట్‌కు బాగానే సరిపోతాయి. టెస్ట్ కోసమని చిన్న మోడల్ పెట్టుకుని ఇన్‌పుట్‌కు 10 కాలమ్‌లే ఇస్తే మాత్రం, సెగ్మెంట్‌కు 13 చురుకైన సినాప్స్‌లు ఏనాటికీ దొరకవు. ఒక్క అంచనా కూడా రాదు, ఎర్రర్ కూడా రాదు. అలాంటప్పుడు థ్రెషోల్డ్‌ను 7కో 6కో, మినిమమ్‌ను 5కో దించండి.

3. నేర్పించడం, మధ్యలో రీసెట్

ఒక్కో క్రమాన్ని వరసగా ఇస్తూ, అది పూర్తవగానే రీసెట్ (అప్పటి సందర్భాన్ని మరిపించే ఫంక్షన్) పిలవండి. రీసెట్ లేకపోతే మోడల్ దృష్టిలో అంతా ఒకే పొడవాటి క్రమం. ప తర్వాత గ రావడం, మ తర్వాత క రావడం కూడా నేర్చుకుంటుంది. క్రమాల వరస మారినప్పుడల్లా అదే క కొత్త సందర్భంలో వచ్చినట్టవుతుంది. సందర్భాలు పెరిగిపోతాయి, అంచనాలు పలచబడతాయి.

ఎన్నిసార్లు చూపించాలి? కొత్త సినాప్స్ పర్మనెన్స్ (ఆ బంధం ఎంత గట్టిదో చెప్పే సంఖ్య) 0.21తో మొదలవుతుంది. అది కనెక్ట్ అయినట్టు లెక్కలోకి రావాలంటే 0.5 దాటాలి. ఒక్కోసారికి 0.1 పెరుగుతుంది: 0.31, 0.41, 0.51. అంటే మొదటిసారి చూసింది కాక ఇంకో మూడుసార్లు. పైగా క్రమంలో ముందున్న అక్షరం సందర్భం కుదురుకున్నాకే దాని వెనకది కుదురుకుంటుంది. కాబట్టి నాలుగక్షరాల క్రమానికి కూడా పదుల సంఖ్యలో తిప్పండి. అరుదుగా వచ్చే మలుపు మీ డేటాలో మూడుసార్లే ఉంటే అది అంచనాల్లోకి రాదని ముందే తెలిసి ఉండాలి.

4. సిద్ధంగా ఉన్న సెల్స్ చదవడం

ఇక్కడ చాలామంది తడబడతారు. హెచ్‌టీఎం.కోర్‌లో కంప్యూట్ ఫంక్షన్ ఇన్‌పుట్‌ను తీసుకుని సెల్స్‌ను చురుకు చేసి ఆగిపోతుంది. తర్వాతి అడుగు అంచనాను అప్పటికి ఇంకా లెక్కించదు. యాక్టివేట్ డెండ్రైట్స్‌ను విడిగా పిలిచి, ఆ తర్వాతే గెట్ ప్రెడిక్టివ్ సెల్స్‌తో సిద్ధంగా ఉన్న సెల్స్ తీసుకోవాలి. వాటిని సెల్స్ టు కాలమ్స్‌కు ఇస్తే ఏ కాలమ్‌లు అంచనాలో ఉన్నాయో వస్తుంది. పరీక్షించేటప్పుడు నేర్చుకోవడం ఆపేసి ఉంచండి. లేకపోతే మీ పరీక్షే మోడల్‌ను మార్చేస్తుంది.

బాగా నేర్చుకున్న మోడల్‌కు, రీసెట్ చేశాక, క గానీ గ గానీ ఇవ్వకుండా నేరుగా చ ఇచ్చి చూడండి. అంచనా లేదు కాబట్టి చ తాలూకు 40 కాలమ్‌లూ బరస్ట్ అవుతాయి: 40 × 32, మొత్తం 1280 సెల్స్ చురుగ్గా ఉంటాయి. అందులో క తర్వాతి చ ఉంది, గ తర్వాతి చ కూడా ఉంది. అందుకే ఇప్పుడు ట కోసం 40 కాలమ్‌లు సిద్ధమవుతాయి, కానీ సెల్స్ మాత్రం 80. కాలమ్‌కు రెండు చొప్పున, ఒక్కో సందర్భానికి ఒకటి.

ట ఇవ్వండి. ఆ 80 సెల్సే ఫైర్ అవుతాయి, ఈసారి బరస్ట్ లేదు. ఇప్పుడు అంచనా చూస్తే 80 కాలమ్‌లు కనిపిస్తాయి, ఒకటి అటు ఇటుగా: ప తాలూకు 40, మ తాలూకు 40. మొదలు ఏమిటో తెలియదు కాబట్టి మోడల్ రెండు దారులనూ పట్టుకుని నడిచింది. మళ్లీ రీసెట్ చేసి క, చ, ట ఇవ్వండి. ఈసారి ప ఒక్కటే రావాలి.

కాలమ్‌ల లెక్క, సెల్స్ లెక్క వేర్వేరు సంగతులు చెబుతాయని దీన్నిబట్టి అర్థమవుతుంది. సిద్ధంగా ఉన్న కాలమ్‌లను 40తో భాగిస్తే తర్వాత రాగల గుర్తులు సుమారు ఎన్నో తెలుస్తుంది. సెల్స్‌ను 40తో భాగిస్తే మోడల్ ఎన్ని సందర్భాల మధ్య ఊగిసలాడుతోందో తెలుస్తుంది. రెండిటినీ లాగ్‌లో రాసుకోవడం అలవాటు చేసుకోండి.

5. ఏది ఏదో విడదీయడం

సిద్ధంగా ఉన్న కాలమ్‌ల గుంపును తీసుకుని, డిక్షనరీలోని ప్రతి గుర్తుతోనూ పోల్చండి. ఆ గుర్తుకు చెందిన 40లో ఎన్ని ఈ గుంపులో ఉన్నాయో లెక్కపెట్టండి. నిజంగా అంచనాలో ఉన్న గుర్తుకు 40 దగ్గర వస్తుంది. లేనిదానికి చాలా తక్కువ వస్తుంది.

ఎంత తక్కువ? యాదృచ్ఛికంగా ఎంచిన రెండు గుర్తుల మధ్య సగటున ఒక్క కాలమ్ కూడా కలవదు, 0.78 అంతే. నాలుగు అంచనాలు కలిసి ఉన్నా సంబంధం లేని గుర్తుకు సగటున 3 కలుస్తాయి. అక్కడ గీత 20 దగ్గర గీసినా పొరపాటుకు తావు లేదు. ఇరవై అంచనాలు కలిస్తే మాత్రం 2048లో దాదాపు 670 కాలమ్‌లు నిండిపోతాయి, సంబంధం లేని గుర్తుకే సగటున 13 కలుస్తాయి, అప్పుడప్పుడు 20 కూడా దాటుతుంది. అందుకని గీత 30 దగ్గర పెట్టుకోమంటాను. బాగా నేర్చుకున్న అంచనా 30కి తగ్గడం అరుదు. తగ్గుతోందంటే ఆ మలుపు ఇంకా కుదురుకోలేదన్నమాట.

6. అవకాశాలను చంపేది, బతికించేది ఒకే పరామితి

క, చ, ట ఇచ్చినప్పుడు ప ఒక్కటే రావాలన్నాను. డిఫాల్ట్ విలువలతో నేర్పి చూడండి, మ కూడా వచ్చే అవకాశం ఎక్కువ. మోడల్ పాడైందని టెన్షన్ పడొద్దు, దానికి కారణం ఉంది. మొదటి రౌండ్లలో గ తర్వాత చ ఇంకా కొత్త సందర్భం, కాబట్టి చ బరస్ట్ అవుతుంది. ఆ బరస్ట్‌లో క దారికి చెందిన చ సెల్స్ కూడా ఉంటాయి. అవి క దారిలోని ట సెల్స్‌ను లేపుతాయి. వెంటనే మ వస్తుంది. అలా క దారిలోని ట సెల్స్‌కు మ అంటుకుపోతుంది. తర్వాత రెండు దారులూ చక్కగా విడిపోయినా ఆ పాత బంధం అలాగే ఉండిపోతుంది, ఎందుకంటే తప్పిన అంచనాకు డిఫాల్ట్‌లో శిక్ష సున్నా.

ఆ శిక్షను నిర్ణయించేది ప్రెడిక్టెడ్ సెగ్మెంట్ డిక్రిమెంట్. అంచనాలో ఉండి కూడా ఇన్‌పుట్ రాని కాలమ్‌లలో, ఆ అంచనాకు కారణమైన సినాప్స్‌ల పర్మనెన్స్‌ను ఇది ప్రతిసారీ కొద్దిగా కోస్తుంది. నుపిక్ డాక్యుమెంటేషన్ చెప్పే కొలత ఇది: చురుకైన కాలమ్‌ల శాతాన్ని పర్మనెన్స్ ఇంక్రిమెంట్‌తో హెచ్చవేయగా వచ్చినదానికన్నా కాస్త ఎక్కువ. మన దగ్గర 2 శాతం, 0.1. అంటే 0.002 కన్నా కాస్త ఎక్కువ, 0.004 అనుకోండి. పొరపాటున అంటుకున్న మ పర్మనెన్స్ 0.6 దగ్గర ఉంటే, క, చ, ట, ప పాతిక సార్లకు పైగా వచ్చేసరికి అది 0.5 కిందకు జారి అంచనాలోంచి తప్పుకుంటుంది.

ఇదే కత్తి నిజమైన మలుపులనూ కోస్తుంది. ఒకే సందర్భం తర్వాత రెండు ముగింపులుంటే, ఒకటి వచ్చిన ప్రతిసారీ రెండోదానికి శిక్ష పడుతుంది. పెరుగుదల, తరుగుదల బేరీజు వేస్తే ఒక ఉజ్జాయింపు సూత్రం వస్తుంది. ఒక ముగింపు బతకాలంటే ఆ సందర్భంలో అది వచ్చే నిష్పత్తి ఇంతకంటే ఎక్కువ ఉండాలి:

డిక్రిమెంట్ ÷ (ఇంక్రిమెంట్ + డిక్రిమెంట్)

0.004, 0.1 పెడితే దాదాపు 4 శాతం. నూటికి నాలుగుసార్ల కంటే ఎక్కువ వచ్చే ముగింపు నిలబడుతుంది. డిక్రిమెంట్‌ను 0.02 చేస్తే ఆ గీత 17 శాతానికి వెళ్తుంది. 0.1 చేస్తే 50 శాతం, అంటే సరిసమానంగా వచ్చే రెండు ముగింపులు కూడా నిలబడలేక తారుమారవుతుంటాయి. బహుళ అంచనాలు రావడం లేదని బాధపడేవాళ్లు మొట్టమొదట చూసుకోవాల్సింది ఈ ఒక్క సంఖ్యనే. మీ డేటాలో ఎంత అరుదైన మలుపు వరకు మీకు కావాలో ముందు నిర్ణయించుకోండి. అక్కడి నుంచి వెనక్కి లెక్కగట్టి డిక్రిమెంట్ పెట్టండి. మిగతా విలువలను ఇంత శ్రద్ధగా సవరించాల్సిన అవసరం మామూలుగా రాదు.

7. ఏది ఎంత బలమైనదో తెలియాలంటే

సెల్ సిద్ధంగా ఉంటుంది లేదా ఉండదు. మధ్యస్థం లేదు. కాబట్టి 5వ అడుగులో వచ్చే జాబితా ఏవేవి రావచ్చో చెబుతుంది గానీ, ఏది ఎక్కువసార్లు వస్తుందో చెప్పదు. పర్మనెన్స్‌ను సంభావ్యతగా చదవడానికి కూడా ప్రయత్నించొద్దు. డిక్రిమెంట్ చిన్నగా ఉన్నప్పుడు నూటికి 75 సార్లు వచ్చేది, 25 సార్లు వచ్చేది రెండూ పెరిగి పెరిగి 1.0 దగ్గర ఆగిపోతాయి.

సంభావ్యత కావాలంటే ప్రెడిక్టర్ వాడండి. ఇది చురుకైన సెల్స్‌ను తీసుకుని, ఇన్ని అడుగుల తర్వాత ఏ గుర్తు వస్తుందో సాఫ్ట్‌మ్యాక్స్ (స్కోర్లను మొత్తం 1 అయ్యే సంభావ్యతలుగా మార్చే లెక్క) ద్వారా నేర్చుకునే ఒక పొర. పరీక్షకు మన డేటాలో క, చ, ట, ర అనే క్రమాన్ని కూడా చేర్చండి. క, చ, ట తర్వాత నాలుగింట మూడుసార్లు ప, ఒకసారి ర వచ్చేలా చూపించండి. ప్రెడిక్టర్ ఇన్ఫర్ ఇచ్చే జాబితాలో ప దగ్గర 0.75కు, ర దగ్గర 0.25కు చేరువగా కనిపించాలి. గరిష్ఠ విలువ ఒక్కటే తీసుకునే లైను తీసేసి, పై నుంచి కావలసినన్ని తీసుకోండి. టెంపొరల్ మెమరీని రీసెట్ చేసిన చోటల్లా ప్రెడిక్టర్‌ను కూడా రీసెట్ చేయాలి. మరిచిపోతే ఒక క్రమం చివరను ఇంకో క్రమం మొదలుతో కలిపి నేర్చుకుంటుంది.

ఈ రెండు పద్ధతులనూ పక్కపక్కనే నడపమని నా సలహా. ప్రెడిక్టర్ ఒక గుర్తుకు మంచి సంభావ్యత ఇస్తూ, కాలమ్‌ల లెక్కలో ఆ గుర్తు కనిపించకపోతే డిక్రిమెంట్ దాన్ని కోసేసిందేమో చూడండి. కాలమ్‌లలో ఉండి ప్రెడిక్టర్‌లో సున్నాకు దగ్గరగా ఉంటే, అది 6వ అడుగులో చెప్పిన పాత బంధం కావచ్చు.

డేటా అంకెలైతే

ఉష్ణోగ్రత, విద్యుత్ వాడకం లాంటి అంకెల డేటాలో పక్కపక్క విలువల కోడ్‌లు (ఒక్కో విలువకు చురుకయ్యే కాలమ్‌లు) కావాలనే కొంత కలిసేలా ఉంటాయి. కాబట్టి 40తో భాగించే లెక్క ఇక్కడ పనిచేయదు. 20, 21 రెండూ అంచనాలో ఉంటే ఒకే ముద్దలా కనిపిస్తాయి. ప్రెడిక్టర్ ఇచ్చే జాబితాలో శిఖరాలను వెతకండి: రెండు పక్కల విలువల కంటే ఎత్తుగా ఉన్న చోట్లు. సగటు మాత్రం తీయొద్దు. తర్వాత 10 లేదా 90 వస్తుందని మోడల్ సరిగ్గా చెప్పినా, సగటు 50 అని చెబుతుంది. ఆ డేటాలో 50 ఒక్కసారి కూడా వచ్చి ఉండకపోవచ్చు.

సరిగ్గా చెబుతోందా లేదా

వచ్చిన గుర్తు అంచనాల జాబితాలో ఉంటే సరి అని లెక్కవేయడం న్యాయమే. యువెయ్ కుయ్, అహ్మద్, హాకిన్స్ 2016 పేపర్‌లో కూడా ఒకే క్రమానికి రెండు, నాలుగు ముగింపులున్న డేటాతో మోడల్‌ను పరీక్షించారు. అయితే జాబితా సైజును కూడా పక్కనే రాయండి. అనామలీ స్కోరు అంటే చురుకైన కాలమ్‌లలో ముందుగా అంచనా వేయనివాటి వాటా. ఇరవై గుర్తులను అంచనాలో పెట్టుకున్న మోడల్‌కు వాటిలో ఏది వచ్చినా స్కోరు సున్నాయే వస్తుంది. స్కోరు తగ్గుతూ, జాబితా పెరుగుతూ ఉంటే మోడల్ మెరుగవడం లేదు, ఎటూ తేల్చుకోలేకపోతోంది.

ఇంకా ముందుకు చూడాలంటే

సిద్ధంగా ఉన్న సెల్స్ చెప్పేది ఒక్క అడుగు ముందు సంగతే. మూడు నాలుగు అడుగుల ముందు ఏమొస్తుందో మాత్రమే కావాలంటే, ప్రెడిక్టర్‌ను తయారుచేసేటప్పుడే ఆ అడుగుల సంఖ్యలను ఇవ్వండి, పని అయిపోతుంది. మొత్తం దారులే కావాలంటే వేరే పద్ధతి ఉంది. అంచనా కాలమ్‌ల గుంపు మొత్తాన్ని తర్వాతి ఇన్‌పుట్‌గా ఇస్తే మోడల్ అన్ని దారుల్లోనూ ఒకేసారి ముందుకు వెళ్తుంది గానీ, ఏ గుర్తు వెనక ఏ గుర్తు వచ్చిందో చెప్పలేం. అందుకని ఒక్కో దారినీ విడిగా నడపండి. నేర్చుకోవడం ఆపి, రీసెట్ చేసి, ఇప్పటివరకు వచ్చిన క్రమాన్ని మళ్లీ ఇచ్చి, జాబితాలోని ఒక గుర్తును తర్వాతి ఇన్‌పుట్‌గా ఇవ్వండి. దాని అంచనాలు రాసుకోండి. తర్వాతి గుర్తుకూ మళ్లీ మొదటి నుంచి ఇలాగే. ప్రతి అడుగులో రెండు చొప్పున చీలితే ఐదు అడుగుల్లో 32 దారులవుతాయి. కాబట్టి ప్రతి దారికీ ప్రెడిక్టర్ ఇచ్చిన సంభావ్యతలను హెచ్చవేస్తూ వెళ్లి, లబ్ధం 0.01 కన్నా తగ్గిన దారిని అక్కడే ఆపేయండి.